టేబుల్ మీద వెలిగితే సరిపోదు

చిన్న కంపెనీలో మెయింటెనెన్స్‌లోనో, ఆటోమేషన్ పనుల్లోనో ఉన్నవాళ్లకు ఈ మాట ఏదో ఒక రోజు తప్పదు: “నువ్వు ఈసీఈనే కదా బాబూ, మన ట్యాంకు మోటారుకి ఒక చిన్న బోర్డు చేసిపెట్టు. రెండ్రోజులు చాలుగా?” బాస్ కంటికి అది చిన్న బోర్డే. మీరు కాదనలేరు, కాదనకూడదు కూడా. వచ్చే అప్రైజల్‌లో చూపించుకోడానికి ఇంతకంటే కళ్లకు కనిపించే పని దొరకదు. కానీ రెండు రోజులకు మాత్రం ఒప్పుకోకండి. పది పనిరోజులు అడగండి, అందులో మూడు సైట్‌లోనే గడుస్తాయని ముందే చెప్పండి. బోర్డు టేబుల్ మీద పనిచేయడానికి నిజంగానే రెండు రోజులు చాలు. మిగతా ఎనిమిదీ, అది సైట్‌లో కూడా పనిచేయడానికి.

పని ఏమిటో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. సంపు నుంచి పై ట్యాంకుకి నీళ్లెక్కించే 1 హెచ్‌పీ మోటారు. ట్యాంకు అడుగుకి వస్తే ఆన్, నిండితే ఆఫ్, సంపులో నీళ్లు లేకపోతే అసలు ఆన్ కాకూడదు. ఈ మూడు వాక్యాల కింద బాస్ చేత సంతకం పెట్టించుకోమని నేను చెప్పను గానీ, ఒక మెయిల్ అయినా పంపండి. లేదంటే బోర్డు పెట్టెలో బిగించిన రోజున “దీనికి మొబైల్ మెసేజ్ కూడా రావాలి కదా” అంటారు.

మొదట ఆర్డుయినో ఊనో, బ్రెడ్‌బోర్డు మీద లాజిక్ నడిపించి చూడండి. తప్పేమీ లేదు, అందరం చేసేదే. తప్పంతా దాన్ని అలాగే పెట్టెలో పెట్టి గోడకు బిగించడంలో ఉంది. జంపర్ వైర్లు మోటారు అదురుకి వదులవుతాయి. మామూలు ఊనో మీద సాకెట్‌లో ఉండే ఏటీమెగా328పీ చిప్‌నే తీసుకుని సొంత బోర్డు కట్టడం కష్టమేమీ కాదు. 28 కాళ్ల చిప్, 32 కిలోబైట్ల ఫ్లాష్, ఈ పనికి కావలసినదానికంటే ఎక్కువే.

చిప్ కొనేటప్పుడు ఒక్కటి కాదు, మూడు కొనండి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా చివర ‘పీ’ అక్షరం ఉందో లేదో చూసుకోండి. ఏటీమెగా328, ఏటీమెగా328పీ పైకి అన్నదమ్ముల్లా ఉంటాయి, పనిలోనూ పెద్ద తేడా లేదు. కానీ ప్రోగ్రామర్ అడిగే సిగ్నేచర్ వేరు. పీ ఉన్నదానికి 1ఈ 95 0ఎఫ్, లేనిదానికి 1ఈ 95 14. ఈ తేడా తెలియక, మంచి చిప్‌ని పాడైపోయిందని చెత్తబుట్టలో వేసినవాళ్లను చూశాను.

పవర్ దగ్గరే సగం రోగాలు

కొత్తవాళ్ల డ్రాయింగులు చూస్తే ఒకటే నమూనా. 12 వోల్టుల అడాప్టరు, దాని తర్వాత 7805, దాని మీద 5 వోల్టుల రిలేలు రెండు, డిస్‌ప్లే, ఎల్ఈడీలు, చిప్. టేబుల్ మీద ఏసీ గదిలో బాగానే పనిచేస్తుంది. లెక్క వేసి చూడండి. 5 వోల్టుల రిలే ఒక్కొక్కటి సుమారు 70 మిల్లీఆంపియర్లు లాగుతుంది, రెండూ కలిపి 140. మిగతావాటికి 60 అనుకుందాం. మొత్తం 200 మిల్లీఆంపియర్లు. 7805 మీద పడే వోల్టేజీ 12లోంచి 5 తీసేస్తే 7. ఏడుని 0.2తో గుణిస్తే 1.4 వాట్లు. హీట్‌సింక్ లేని 7805 ఒక్కో వాటుకి సుమారు 65 డిగ్రీలు వేడెక్కుతుంది. అంటే 91 డిగ్రీలు, చుట్టూ ఉన్న వేడికి అదనంగా.

ఇప్పుడు ఆ పెట్టెను మే నెలలో మేడ మీద పంపు గదిలో పెట్టండి. బయట 42 ఉంటే మూసిన పెట్టెలో 60 దాకా పోతుంది. 60, 91 కలిపితే 151. చిప్ లోపలి హద్దు 125. 7805 తనను తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. మీకు అందే ఫిర్యాదు మాత్రం “రోజూ మధ్యాహ్నం పూట ఏదో అవుతోంది సార్” అని. మీరు సాయంత్రం వెళ్తారు, అంతా బాగానే ఉంటుంది. ప్రోగ్రాంలో తప్పుందేమోనని వారం రోజులు వెతుకుతారు.

మందు చిన్నదే. రిలేలను 12 వోల్టులవి తీసుకుని వాటిని 12 నుంచే నడపండి. 7805 మీద 60 మిల్లీఆంపియర్లే మిగులుతాయి. 0.42 వాట్లు, అంటే 27 డిగ్రీలు. హీట్‌సింక్ కూడా అక్కర్లేదు.

రిలేని చిప్ కాలికి నేరుగా కలపకండి. ఒక్కో కాలు 40 మిల్లీఆంపియర్లకు మించి భరించదు, అది కూడా విరగకుండా తట్టుకునే హద్దే తప్ప రోజూ వాడుకోమని ఇచ్చింది కాదు. మధ్యలో బీసీ547 ట్రాన్సిస్టర్, బేస్‌కి 1 కిలోఓమ్, బేస్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓమ్‌లు, రిలే కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కి. ఆ 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌ని చాలామంది వదిలేస్తారు. చిప్ రీసెట్‌లో ఉన్నంతసేపూ దాని కాళ్లు గాల్లో వేలాడుతున్నట్టే లెక్క. ఆ కాసేపూ రిలే తన ఇష్టప్రకారం నడవకుండా పట్టి ఉంచేది ఈ రెసిస్టరే. బీసీ547 కాళ్లు కూడా చూసుకోండి. చదునైన ముఖం మీవైపు పెట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ప్లాస్టిక్ 2ఎన్2222 సాధారణంగా దీనికి తలకిందులుగా, ఎమిటర్ నుంచి మొదలవుతుంది. ఒకటి దొరకలేదని ఇంకొకటి పెట్టేటప్పుడే గొడవ.

ఇక 230 వోల్టుల సంగతి. చేత్తో చేసిన బోర్డు మీదికి దాన్ని రానివ్వకండి. మీ బోర్డు 12 దగ్గర ఆగిపోవాలి. ప్యానెల్‌లో రైలు మీద బిగించే 12 వోల్టుల ఇంటర్‌ఫేస్ రిలే పెట్టి, దాని కాంటాక్టుతో కాంటాక్టర్ కాయిల్‌ని, కాంటాక్టర్‌తో మోటారుని నడపండి. 10 ఆంపియర్లని రాసి ఉన్న నీలం రంగు రిలేతో మోటారునే నేరుగా తిప్పేయాలనిపిస్తుంది. ఆ 10 ఆంపియర్లు హీటరు లాంటి లోడ్‌కి. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది, కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కున్నాక మీ ప్రోగ్రాం ఎంత మొత్తుకున్నా మోటారు ఆగదు. ప్యానెల్ లోపల పనిచేసే చెయ్యి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌దే కావాలి, మీది కాదు.

బోర్డు

ఒక్కటే కావాలంటే జీరో బోర్డు మీద వైర్లతో కట్టేయండి. పదికి మించితే గెర్బర్ ఫైలు తయారుచేసి బయట ఫ్యాబ్రికేటర్‌కి ఇవ్వండి, చేత్తో చేయడం దండగ. మధ్యలో మూడు నాలుగు కావాలన్నప్పుడు, లేదా బయట నుంచి రావడానికి పట్టే వారం రోజులు లేనప్పుడు ఇంట్లో ఎచింగ్ చేయొచ్చు.

కీక్యాడ్‌లో లేఅవుట్ గీసి, లేజర్ ప్రింటర్ మీద నున్నటి కాగితంపై ప్రింటు తీసి, ఇస్త్రీపెట్టెతో రాగి మీదికి దించడం చాలామందికి తెలిసిందే. ఇంక్‌జెట్ ప్రింటు దీనికి పనికిరాదు, టోనరే కావాలి. ఎక్కువ మంది బోల్తా కొట్టేది మిర్రర్ దగ్గర. మీకు తెలియకుండానే అద్దంలో బొమ్మలాగా తిరగబడిన బోర్డు తయారవుతుంది, 1వ కాలు ఉండాల్సిన చోటికి 28వ కాలు వస్తుంది. దీనికి నేను పాటించే పద్ధతి ఒక్కటే. రాగి పొరలో ఏదో ఒక మూల మీ పేరు రాసుకోండి. కాగితం మీద పేరు తిరగబడి కనిపించాలి, రాగి మీదికి దిగాక సవ్యంగా చదవగలగాలి. కాగితం మీదే చక్కగా చదవగలిగితే ఆ ప్రింటు చించేయండి.

రాగిని ముందు స్కాచ్‌బ్రైట్‌తో రుద్ది, ఆ తర్వాత వేలు తగలనివ్వకండి. ఒక్క వేలిముద్ర నూనె చాలు, అక్కడ టోనర్ పట్టదు. ఫెర్రిక్ క్లోరైడ్ పొడిని నీళ్లలో వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా వేడెక్కి చిందుతుంది. ప్లాస్టిక్ ట్రే, గ్లౌజులు, కళ్లజోడు, తెరిచిన కిటికీ. ద్రావణం గోరువెచ్చగా ఉండి ట్రేని కదుపుతూ ఉంటే పావుగంటలో అయిపోతుంది. చొక్కా మీద పడితే మరక పోదు, స్టీలు సింకులో పోస్తే సింకు పోతుంది. వాడేశాక డ్రైనేజీలో పారబోయకండి. రాగి కలిసిన నీళ్లు అవి. ప్లాస్టిక్ సీసాలో పోసి లేబుల్ రాసి పెట్టుకుంటే ఇంకో రెండు మూడు బోర్డులకు పనికొస్తాయి, ఆ తర్వాత ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వాలి.

సోల్డరింగ్ మీద ఎక్కువ చెప్పను, చేస్తేనే వస్తుంది. 63/37 తీగ 183 డిగ్రీలకు కరుగుతుంది, 25 వాట్ల ఐరన్ చాలు. తీగను ఐరన్ మీద కరిగించి అంటించకండి. ముందు ప్యాడ్‌నీ కాలునీ వేడి చేసి, తీగను వాటికి తగిలించండి. మెరుస్తూ చిన్న గుట్టలా కూర్చుంటే మంచిది. బూడిదరంగులో గుండ్రంగా బఠాణీ గింజలా ఉంటే డ్రై సోల్డర్, టేబుల్ మీద పనిచేసి సైట్‌లో చచ్చేది అదే. చిప్‌ని నేరుగా అతికించకండి, సాకెట్ వేయండి. 7, 8 కాళ్ల మధ్య ఒకటి, 20, 22 కాళ్ల మధ్య ఒకటి 104 అని రాసి ఉండే కెపాసిటర్లు చిప్‌కి ఆనుకుని ఉండాలి. 1వ కాలి నుంచి 5 వోల్టులకు 10 కిలోఓమ్‌లు. 20వ కాలు ఏడీసీకే కదా అని కరెంటు ఇవ్వకుండా వదిలేస్తారు. దానికీ 5 వోల్టులు ఇవ్వాల్సిందే.

పవర్ ఇచ్చే ముందు చిప్ సాకెట్‌లో ఉండకూడదు. మల్టీమీటర్ బీప్ మీద పెట్టి 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య షార్ట్ లేదని చూసుకోండి. తర్వాత పవర్ ఇచ్చి ఖాళీ సాకెట్‌లో 7, 20 రంధ్రాల్లో 5 వోల్టులు, 8, 22లో సున్నా వస్తున్నాయా కొలవండి. 7805 మీద వేలు పెట్టండి. ఖాళీ బోర్డే వేడెక్కుతుంటే చిప్ పెట్టే ఆలోచన మానుకోండి. ఇదంతా పది నిమిషాల పని, రాత్రి పదకొండింటికి విసుగొచ్చి మానేసే పని కూడా. ఆ వేళకు పని ఆపి ఇంటికి వెళ్లడం చిప్ కంటే చవక.

ప్రోగ్రాం ఎక్కించడం

యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్, ఏవీఆర్‌డ్యూడ్ సాఫ్ట్‌వేర్, ఆరు వైర్లు. 17వ కాలు మోసి, 18 మిసో, 19 ఎస్‌సీకే, 1 రీసెట్, మిగతా రెండూ పవర్, గ్రౌండ్. ఈ 17, 18, 19 కాళ్లకు రిలే కలిపి ఉంటే ప్రోగ్రాం ఎక్కించేటప్పుడల్లా అది టకటకలాడుతుంది, ఒక్కోసారి ఎక్కనే ఎక్కదు. డ్రాయింగ్ దశలోనే ఆ మూడింటినీ ఖాళీగా వదిలేస్తే గొడవ ఉండదు.

మొదటి పని ఫ్లాష్ చేయడం కాదు, సిగ్నేచర్ చదవడం. కొత్త చిప్ జవాబు ఇవ్వకపోతే భయపడకండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చిప్ 1 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. ప్రోగ్రామర్ క్లాక్ అందులో నాలుగో వంతుకి లోపే ఉండాలి, అంటే 250 కిలోహెర్ట్జ్ లోపు. ప్రోగ్రామర్ మీద స్లో క్లాక్ జంపర్ పెట్టండి, లేదా సాఫ్ట్‌వేర్‌లో వేగం తగ్గించండి. కొత్త చిప్ పలకడం లేదంటూ వచ్చిన బోర్డుల్లో నేను చూసినంతవరకు ఎక్కువ భాగానికి ఇదే మందు.

సిగ్నేచర్ వచ్చాక ఫ్యూజులు. ఇక్కడ చెయ్యి వణకాలి. ట్యాంకు బోర్డుకి క్రిస్టల్ అక్కర్లేదు, లోపలి 8 మెగాహెర్ట్జ్ చాలు. లో ఫ్యూజ్ హెక్స్‌లో 62 ఉంటుంది, దాన్ని ఈ2 చేయండి, అంతే. క్రిస్టల్ ఉందని పొరపాటున సెట్ చేస్తే, క్రిస్టల్ లేని చిప్ మూగదైపోతుంది. దాన్ని బతికించవచ్చు. ఇంకో ఆర్డుయినో నుంచి క్లాక్ తీసి 9వ కాలికి ఇస్తే మళ్లీ మాట్లాడుతుంది. రీసెట్ కాలుని మామూలు కాలుగా మార్చే ఫ్యూజ్ ముట్టుకుంటే మాత్రం ఈ ప్రోగ్రామర్‌తో ఇక పని జరగదు, 12 వోల్టుల హై వోల్టేజ్ ప్రోగ్రామర్ కావాలి. నెట్‌లో ఎవరో ఇచ్చిన ఫ్యూజ్ విలువలు తెచ్చి అతికించడం, ఎవరో వేసుకున్న మందు మనం వేసుకోవడం లాంటిదే.

తర్వాత ఎల్ఈడీ ఒక సెకను వెలిగి ఒక సెకను ఆరే ప్రోగ్రాం ఎక్కించండి. సెకనుకి బదులు 16 సెకన్లు పడితే మీరు కంపైల్ చేసింది 16 మెగాహెర్ట్జ్‌కి, చిప్ నడుస్తోంది 1 మీద. రెండు సెకన్లు పడితే నడుస్తోంది 8 మీద.

ట్యాంకు ప్రోగ్రాంలో నాలుగు జాగ్రత్తలు. నీటి మట్టం చూడ్డానికి పెట్టిన స్టీలు కడ్డీలకు ఎప్పుడూ డీసీ ఇచ్చి ఉంచితే ఎలక్ట్రోలిసిస్ వాటిని తినేస్తుంది. చదివే ముందు మాత్రమే కరెంటు ఇచ్చి, చదవగానే తీసేయండి. నీళ్లు పడేటప్పుడు పైన అలలు ఉంటాయి, ఒక్క రీడింగుని నమ్మితే మోటారు ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. రెండు సెకన్ల పాటు ఐదారుసార్లు చదివి, అన్నీ ఒకటే చెప్తేనే నమ్మండి. కరెంటు పోయి వచ్చాక ఒక నిమిషం ఆగి మోటారు వేయండి, వచ్చిన వెంటనే వోల్టేజీ ఊగుతుంది. నీళ్లు ఎక్కకుండా మోటారు ఊరికే తిరుగుతుంటే ఆపే డ్రై రన్ టైమర్‌కి అంకెలు ఊహించి వేయకండి. సైట్‌లో గడియారం పట్టుకుని కూర్చోండి. ట్యాంకు నిండడానికి 22 నిమిషాలు పట్టిందంటే 35 నిమిషాలకు కట్ చేయండి.

ఇక నా సొంత తప్పు. రెండు పంపులను 12 గంటలకోసారి మార్చే బోర్డు ఒకటి చేశాను. నెలన్నర పైగా మాట లేకుండా పనిచేసింది. 49 రోజుల 12 గంటలకు, రాత్రిపూట, రెండు కాంటాక్టర్లూ ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నట్టు టకటకా కొట్టుకోవడం మొదలైంది. సుమారు ఐదు గంటలు. మర్నాడు నేను వెళ్లేసరికి బోర్డు బుద్ధిమంతుడిలా పనిచేస్తోంది. కాంటాక్టర్లు పాడయ్యాయనుకుని మార్చి వచ్చాను. మళ్లీ సరిగ్గా అన్ని రోజులకే అదే ఫోను.

ఆర్డుయినోలో గడిచిన మిల్లీసెకన్లను లెక్కపెట్టే సంఖ్య 32 బిట్లది, 49.7 రోజులకు నిండి సున్నాకి వస్తుంది. నేను “ఇప్పటి సమయానికి 12 గంటలు కలిపి, ఆ సమయం దాటితే పంపు మార్చు” అని రాశాను. 99వ మార్పు దగ్గర ఆ కూడిక హద్దు దాటి చిన్న సంఖ్య అయిపోయింది. ఇప్పటి సమయం ఎప్పుడూ దానికంటే పెద్దదే, కాబట్టి ప్రతి చుట్టులోనూ మార్పే. ఇప్పటి సమయంలోంచి మొదలైన సమయం తీసేసి, తేడా 12 గంటలైందా అని అడిగితే ఈ జబ్బు రాదు. కరెంటు పోయే ఊళ్లో ఈ తప్పు బయటపడేదే కాదు. నా ఖర్మకొద్దీ ఆ బోర్డుకి యూపీఎస్ ఇచ్చారు.

అప్పటి నుంచీ ఏ బోర్డుకైనా టేబుల్ మీదే ఈ పరీక్ష పెడతాను. సమయం చెప్పే ఫంక్షన్‌ని సొంతంగా రాసి, అందులో ఒక పెద్ద సంఖ్య కలిపి, పవర్ ఇచ్చిన రెండు నిమిషాలకే ఆ లెక్క సున్నాకి వచ్చేలా చేసి చూస్తాను. 50 రోజులు ఆగక్కర్లేదు.

అప్పగించేటప్పుడు చిప్ మీద చిన్న స్టిక్కర్ అంటించండి. తేదీ, వెర్షన్, ఫ్యూజ్ విలువ. సోర్స్ కోడ్, హెక్స్ ఫైలు, చేత్తో గీసిన సర్క్యూట్ ఫొటో కంపెనీ ఫోల్డర్‌లో పెట్టండి. అన్నీ తన లాప్‌టాప్‌లోనే ఉంచుకుంటే కంపెనీ తనను వదులుకోలేదని కొందరి నమ్మకం. అలాంటివాళ్లకు ఆదివారాలు మిగలవు, ప్రమోషన్ కూడా రాదు. ఇంటర్వ్యూలో ఎంబెడెడ్ వచ్చని చెప్పేకంటే ఈ బోర్డు ఒకటి బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టండి. ఎదుటివాళ్లు అడిగేది ఎలా పనిచేస్తుందని కాదు, ఎక్కడెక్కడ చెడిందని. ఆ జాబితా మీ దగ్గర రాసి ఉండాలి.

పెట్టె మూత లోపలివైపు ఒక కవరు అంటించి, అందులో ప్రోగ్రాం ఎక్కించిన స్పేర్ చిప్ ఉంచండి. పెట్టె ముందు మూడు ఎల్ఈడీలు పెట్టండి. ఆకుపచ్చది సెకనుకోసారి కొట్టుకుంటుంటే చిప్ బతికుంది. పసుపు వెలిగితే మోటారు వేయమని ఆర్డరు ఇచ్చింది. ఎరుపు వెలిగితే సంపులో నీళ్లు లేవు. ఎందుకంటే ఫోను చేసేది మీ బాస్ కాదు, వాచ్‌మన్. “మోటారు తిరగట్లేదు సార్” అంటాడు. “ఏ లైటు వెలుగుతోంది బాబాయ్?” అని మీరు అడగగలగాలి. పసుపు అన్నాడంటే చూడాల్సింది కాంటాక్టర్‌ని, ఎలక్ట్రీషియన్‌ని పంపితే చాలు.